మొక్కల ముచ్చట: గునుగు మొలకను పీకేముందు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి కుండీల గురించి కావు. పార్కుల్లో, చెరువుగట్ల మీద, గుళ్ల దగ్గర మన ప్రాంతపు మొక్కలు పెంచుతున్నవాళ్లు రాసినవి. చదువుతుంటే చాలా సంతోషమేసింది. నేను ముప్పై ఏళ్లు బాటనీ పాఠం చెప్పి రిటైరయ్యాను. ఆరేళ్ల నుంచి ప్రతి ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా హన్మకొండ శివారులో ఒక పార్కుకు పోతున్నాను. సందర్శకులు లోపలికి వచ్చే దారికి రెండు పక్కలా కలిపి అరెకరం ఉంటుంది. అందులో అన్నీ ఇక్కడి మొక్కలే. పది పన్నెండు మందిమి కలిసి వాటిని చూసుకుంటాం. అందుకే ఈసారి జవాబుల్లో పుస్తకాల సంగతి కంటే ఆ అరెకరం సంగతే ఎక్కువ ఉంటుంది.

మేడం, మా కాలేజీ నుంచి ఎనిమిది మందిమి ఆదివారాలు ఒక పార్కులో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాం. వానలు పడ్డాక కలుపు తీయమన్నారు. ఏది కలుపో, ఏది ఉంచాల్సిన మొక్కో తెలియడం లేదు. నేను పీకినవాటిలో మంచి మొక్కలు ఉన్నాయని ఒక పెద్దాయన కోప్పడ్డారు. అప్పటినుంచి చెయ్యి పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. కలుపు మొక్కల లిస్టు ఇస్తారా?
– డిగ్రీ విద్యార్థి, కాజీపేట

బాబూ, లిస్టు ఇస్తాను. దానికంటే ముందు మా దగ్గర జరిగింది ఒకటి చెప్పాలి.

మూడేళ్ల కిందట, బతుకమ్మకు ఇంకా పన్నెండు రోజులుంది. మా దారి పక్కన, బతుకమ్మలో పేర్చే పూల మొక్క గునుగు నడుమెత్తు పెరిగి అప్పుడప్పుడే కంకి వేస్తోంది. ఎవరో పెద్దలు పార్కు చూడటానికి వస్తున్నారని, శుభ్రం చేయమని పైనుంచి మాట వచ్చింది. గడ్డి కోసే మిషన్లతో మనుషులు వచ్చి ఒక్క పూటలో అంతా నేలమట్టం చేశారు. గునుగుతో పాటు, మేం రెండేళ్లు బకెట్లతో నీళ్లు మోసి పెంచిన పద్దెనిమిది తంగేడు మొక్కలు కూడా పోయాయి. ఆదివారం పోయి చూసేసరికి నాకు ఏడుపు ఆగలేదు. కోసినవాళ్ల మీద కోపం లేదు. "పిచ్చిమొక్కలు తీసెయ్యండి" అన్నారు, వాళ్లు తీసేశారు. ఇది గునుగు, ఇది తంగేడు అని చెప్పే బోర్డు అక్కడ ఒక్కటి కూడా లేదు. ఆ తప్పు మాది.

ఆ పొద్దున నర్సరీలో రోజుకూలికి వచ్చే ఒక అవ్వ నా పక్కకు వచ్చి నిలబడింది. "గునుగంత కోసిర్రా? మల్ల బతుకమ్మల ఏం పెడ్తరు బిడ్డా?" అంది. తర్వాత తనే కింద కూర్చుని, కోసిన మోళ్ల మధ్య గోరంత ఎత్తున్న మొలకలను వేలితో చూపించింది. ఇది గునుగు, ఇది తోటకూర, ఇది ఉత్తరేణి. ఈ మూడూ ఒకే కుటుంబమని నేను ఎన్నోసార్లు క్లాసులో చెప్పాను. పువ్వు మీదుంటే గుర్తుపడతాను. నాలుగాకుల వయసులో వాటిని విడదీయడం నాకు రాదు. ఆ అవ్వకు వచ్చు. చిన్నప్పటి నుంచి జొన్నచేలలో కలుపు తీసింది. చేలో గునుగు కలుపే మరి. లేత గునుగాకు కూర కూడా వండుకుంటారు. పీకిందీ, వండిందీ, బతుకమ్మలో పేర్చిందీ ఆ చేతులే, అందుకే అంత బాగా తెలుసు.

కాబట్టి బాబూ, మీ పార్కులో పనిచేసే ఆడవాళ్లలో పల్లె నుంచి వచ్చిన పెద్దామెను ఒకరిని వెతుక్కోండి. మొదటి నెల ఆమె పక్కన కూర్చునే కలుపు తీయండి. తెలియని మొలక కనిపిస్తే పీకకుండా పక్కన ఒక పుల్ల గుచ్చి వదిలేయండి. రెండు మూడు వారాల్లో అదే ఏదో తెలిసిపోతుంది. ఒక మొలక మూడు వారాలు ఎక్కువ బతికినందువల్ల తోటకు నష్టమేమీ లేదు.

ఇక అనుమానం పెట్టుకోకుండా తీసేయాల్సినవి నాలుగున్నాయి. మొదటిది వయ్యారిభామ. చామంతి ఆకులా చీలికలు చీలికలుగా ఉంటుంది, తెల్లటి చిన్న పూలు పూస్తుంది. రెండోది లంటానా, మన దగ్గర పులికంప అంటారు. కాండం నాలుగు పలకలు, సన్న ముళ్లు, ఆకు గరుకు, నలిపితే ఘాటు వాసన. దీన్ని పైపైన నరికితే రెట్టింపు పిలకలు వేస్తుంది. గడ్డపారతో మొదలు చుట్టూ తవ్వి, నేలలో రెండంగుళాల కింద తల్లివేరును కోసి, దుబ్బును తలకిందులుగా పడేయాలి. మూడోది సుబాబుల్ మొలక. ముళ్లుండవు, ఆకు చింతాకులా ఉంటుంది.

నాలుగోదైన సర్కారు తుమ్మ దగ్గర చాలామంది పొరపడతారు. దాని మొలకా, మన జమ్మి మొలకా చూడటానికి దగ్గరగా ఉంటాయి. ముల్లు చూడండి. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర జంటగా ముళ్లు ఉంటాయి. జమ్మికి పొట్టి ముళ్లు, కణుపుల మధ్యలో కూడా అక్కడక్కడా వస్తాయి. జమ్మి మన రాష్ట్ర వృక్షం. దసరా రోజు ఆకు కోసుకోవడానికి చెట్టు వెతుక్కుంటూ పోతాం, జూలైలో అదే మొలకను తుమ్మ అనుకుని పీకేస్తాం. ఇది మాత్రం జాగ్రత్తగా నేర్చుకోండి.

వాన పడిన మరునాడు పని పెట్టుకుంటే వేరుతో సహా వస్తుంది. నేల ఎండాక పీకితే పైభాగం మాత్రమే చేతికొస్తుంది.

మా తంగేడు ఏమైందంటారా, పద్దెనిమిదిలో పదకొండు మోళ్ల నుంచి మళ్లీ చిగురించాయి. గునుగుకు ఆ ఏడు విత్తనమే పడలేదు. అవ్వ వాళ్ల ఊరి నుంచి చీరకొంగులో కట్టుకొచ్చిన గింజల గునుగే ఇప్పుడు మా దగ్గర పూస్తున్నది.

మేం ఏటా పిల్లలను రామప్ప గుడికి తీసుకెళ్తాం. ఈసారి ఊరికే చూసి రాకుండా గుడి ఆవరణలో యాభై మొక్కలు నాటించాలని ఉంది. మర్రి, రావి లాంటి పవిత్రమైన చెట్లయితే బాగుంటుందని మా హెడ్‌మాస్టరు గారు అంటున్నారు. మీరేమంటారు?
– ఉపాధ్యాయురాలు, ములుగు జిల్లా

చెల్లె, ఆలోచన మంచిదే. చోటు మాత్రం అది కాదు.

రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. అనుమతి లేకుండా అక్కడ గుంత తవ్వకూడదు. చట్టం సంగతి అటుంచినా, ఆ గుడి పునాది కింద ఇసుక నింపి దానిమీద రాళ్లు పేర్చారు. ఎనిమిది వందల ఏళ్లకు పైగా నిలబడిన అలాంటి కట్టడం దగ్గరికి వేళ్లను మనం తీసుకుపోకూడదు. అందులోనూ రావి, మర్రి అసలే వద్దు. పిట్టలు పండు తిని రెట్ట వేస్తే రాళ్ల సందులో మొలిచే చెట్లు అవే. మొలక చిన్నగా ఉన్నప్పుడు ఎవరికీ పట్టదు, వేరు లావెక్కాక రాయినే పక్కకు నెడుతుంది. పిల్లలకు అలాంటి మొలక గోడమీద కనిపిస్తే చేత్తో లాగనివ్వకండి, రాయి కదులుతుంది. అక్కడి సిబ్బందికి చూపించండి చాలు.

యాభై మొక్కలు మీ బడి ఆవరణలోనే పెట్టండి. యాభై కూడా ఎక్కువే, పదిహేను పెట్టి పదిహేనూ బతికించండి. తరగతికి రెండు మొక్కలు అప్పగిస్తే ఎండాకాలం సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారన్నది ముందే మాట్లాడుకోవచ్చు. బడితోటలు ఎక్కువగా చచ్చిపోయేది ఆ సెలవుల్లోనే. గింజల కోసం ఊరి చెట్ల కిందా, రోడ్ల పక్కనా వెతకండి. దగ్గరే కదా అని ఏటూరునాగారం అభయారణ్యంలోంచి తేవద్దు, అక్కడినుంచి గింజైనా సరే అనుమతి లేకుండా తేకూడదు.

రామప్ప పోయినప్పుడు పిల్లలతో ఇంకో పని చేయించండి. గుడి చూసి, చెరువుగట్టు మీదికి నడిపించి, దారిలో కనిపించిన పది చెట్ల పేర్లు పాలంపేట పెద్దవాళ్లను అడిగి రాసుకోమనండి. మన పుస్తకాల్లో లేని పేర్లు రెండు మూడైనా దొరుకుతాయి. అవి నాకు కూడా రాసి పంపండి.

మా కాలనీ పార్కులో "దేశీ మొక్కల తోట" అని బోర్డు పెట్టి బంతి, చామంతి వేశాం. ఒకాయన వచ్చి అవి మనవి కావు, విదేశీ మొక్కలు అన్నారు. బతుకమ్మలో పెట్టే పూలు మనవి కాకపోవడమేమిటి?
– గృహిణి, కరీంనగర్

ఆయన చెప్పింది నిజమే. మీ బాధా నిజమే. కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ మాట మీద పార్కుల్లో గొడవలు పడటం చూశాను.

బంతి మెక్సికో నుంచి వచ్చింది. చామంతి పుట్టింది చైనా వైపు. బతుకమ్మ మీద పసుపు గౌరమ్మ పక్కన పెట్టే గుమ్మడి పువ్వు అమెరికా ఖండాలది. అంతెందుకు, చింత ఆఫ్రికా చెట్టు. మన అడవుల అంచుల్లో విరివిగా కాసే సీతాఫలం కూడా అమెరికా నుంచి వచ్చిందే. 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన వరంగల్ చపాటా మిర్చి తాతముత్తాతలు కూడా సముద్రం దాటి వచ్చినవాళ్లే. గునుగు సంగతైతే పండితులే తేల్చలేదు, కొందరు ఆఫ్రికా అంటారు, కొందరు ఇండియా అంటారు. బతుకమ్మలో అనుమానం లేకుండా ఈ నేలదే అని చెప్పదగ్గది తంగేడు.

అయితే బంతిని తరిమేయాలా? నేను అలా అనుకోను. వయ్యారిభామ కూడా అమెరికా నుంచే వచ్చింది, 1950ల్లో పుణె దగ్గర గమనించారు, ఇప్పుడు అది లేని ఖాళీ జాగా లేదు. బంతీ, వయ్యారిభామా రెండూ పరాయివే, కానీ ఒకటి మనం విత్తితేనే వస్తుంది, ఇంకొకటి పక్కన ఏ మొక్కనూ లేవనివ్వదు. నేను ముందు చూసేది ఇదే: పక్కవాటిని బతకనిస్తుందా? రెండోది, ఇక్కడి పురుగులూ పిట్టలూ దాన్ని ఎరుగుదురా? తంగేడు మీద ఆకు తినే గొంగళి ఉంటుంది, పువ్వులో పుప్పొడి కోసం తుమ్మెద ఉంటుంది. అలాంటి చుట్టరికం కుదరడానికి వేల ఏళ్లు పడుతుంది.

మీ బోర్డు మాత్రం మార్చండి. బంతీ చామంతీ ఒక పక్క "బతుకమ్మ పూలు" అని ఉంచండి, ఇంకో పక్క తంగేడు, మోదుగ, వావిలి, కలే, రేల లాంటివి పెట్టి దాన్ని ఊరి మొక్కల తోట అనండి. ఏది ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క వాక్యం రాయండి. ఉన్నది ఉన్నట్టు రాస్తే వచ్చినవాళ్లు నిలబడి చదువుతారు, మా దగ్గర చూస్తున్నాను.

బతుకమ్మ రోజుల్లో పూలు కోస్తున్నారని కూడా రాశారు. మా దగ్గర వెనక కంచె పొడుగునా ఉన్న తంగేడూ గునుగూ అందరికీ వదిలేశాం. దారి పక్కవి కోయొద్దని చెప్తాం. కంచె దగ్గర కూడా మూడు కంకులకు ఒకటి మొక్క మీదే ఉంచమంటాం. గునుగు ఒక్క ఏడాది బతికే మొక్క, కంకి ఎండి గింజ రాలకపోతే వచ్చే ఏడు పువ్వు ఉండదు. సంగతి చెప్తే ఆడవాళ్లు చక్కగా వింటారు. కర్ర పట్టుకుని కాపలా కాయాల్సిన అవసరం మాకు రాలేదు.

రెండేళ్ల కింద మా పార్కులో మన ప్రాంతపు చెట్లు పెట్టాం. మార్చి వచ్చేసరికి సగం ఆకు రాల్చి ఎండిపోయినట్టు కనిపిస్తున్నాయి. వచ్చినవాళ్లు ఇదేం పార్కు అంటున్నారు. వాటిని తీసి కోనోకార్పస్, లాన్ వేద్దామని కమిటీలో కొందరు పట్టుబడుతున్నారు. ఏం చెప్పి ఆపాలి?
– స్వచ్ఛంద కార్యకర్త, మంచిర్యాల

అన్నా, మీ కమిటీవాళ్లను మార్చి నెలలో ఒక రోజు జన్నారం వైపు కవ్వాల్ అడవికి తీసుకుపోండి. టేకు ఆకు కింద పరుచుకుని నడిస్తే గలగలమంటుంది. అడవంతా చచ్చిపోయిందా? జూన్‌లో అదే అడవి పచ్చగా ఉంటుంది. మనది ఆకు రాల్చే అడవి. సంవత్సరపు వానలో చాలా భాగం నాలుగు నెలల్లోనే పడిపోతుంది. మిగతా కాలం నీళ్లు దాచుకోవడానికి చెట్టు ఆకును వదులుకుంటుంది.

అదీగాక ఆకు రాలిన చెట్లే ఎండల్లో పువ్వు చూపిస్తాయి. బూరుగ ఎర్రగా పూస్తే గోరింకలూ కాకులూ తేనెపిట్టలూ పొద్దున్నే దానిమీదే. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ, హోలీ రంగు కాచుకునేది ఆ పువ్వుతోనే. రాతి గుట్టల మీద కొండగోగు ఒక్క ఆకు లేకుండా పచ్చటి పసుపు పూలతో నిలబడుతుంది. తర్వాత ఇప్ప, ఏప్రిల్ దాటాక రేల. కమిటీకి ఈ పూల వరస ఒక కాగితం మీద నెలల వారీగా రాసివ్వండి. లాన్‌లో మే నెలలో నీళ్ల పైపు తప్ప చూడటానికి ఏముంటుంది?

నీడ అడుగుతున్నవాళ్ల మాట మాత్రం తోసిపుచ్చకండి. ఎండన పడి పిల్లలతో వచ్చినవాళ్లకు కూర్చోవడానికి చోటు కావాలి. బెంచీల దగ్గర కానుగ, వేప పెట్టండి. కానుగ కొద్ది రోజులే బోసిగా ఉండి, ఎండలు ముదిరేసరికి లేతాకుతో నిండిపోతుంది. నేరేడు ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. మేం మొదట ఈ ముందుచూపు లేక బెంచీల పక్కన మోదుగ పెట్టాం, తర్వాత అక్కడ కానుగ వేయాల్సి వచ్చింది.

కోనోకార్పస్ గురించి: అది ఆఫ్రికా, అమెరికా సముద్రతీరాల చెట్టు. 2015లో హరితహారం మొదలయ్యాక తొందరగా పచ్చబడుతుందని మన రోడ్ల మధ్యన విపరీతంగా నాటారు. తర్వాత నర్సరీల్లో పెంచొద్దని మన ప్రభుత్వమే చెప్పింది. మీ కమిటీలో గల్ఫ్ పోయివచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లనే అడగండి. అక్కడి రోడ్ల వెంట అదే చెట్టు, దాని వేళ్లు నీళ్ల పైపుల్లోకి దూరి ఇబ్బందైన సంగతి వాళ్లు విని ఉంటారు.

ఇంకొక చిన్న పని. ఆకు రాల్చిన ప్రతి చెట్టుకూ మార్చి నుంచి జూన్ దాకా "ఆకు రాల్చాను, ఎండలేదు, వానలకు చిగురిస్తాను" అని అట్ట కట్టండి. అనుమానపడేవాళ్లకు ఒక సన్న కొమ్మ బెరడు గోటితో గీకి చూపించండి, లోపల పచ్చగా ఉంటుంది. పిల్లలకు అది చూపిస్తే వాళ్లే పెద్దవాళ్లకు చెప్తారు. నిజంగా ఎండిందీ, నిద్రపోతున్నదీ మీకు కూడా అప్పుడే తెలుస్తుంది. మొదటి ఎండాకాలం వారానికి ఒక బకెట్, రెండో ఎండాకాలం రెండు వారాలకు ఒకటి, ఇది మా లెక్క. పాదులో ఎండుటాకు నాలుగు వేళ్ల మందం పరచండి, మొదలుకు తగలనివ్వకండి, చెదలు పడుతుంది. మూడో ఏడు నుంచి మేం నీళ్లు మోయలేదు.

తంగేడు గింజలు కవర్లలో పెట్టాం. నూటికి పది కూడా మొలవలేదు. గింజలు పాతవా?
– నర్సరీ నడిపే యువకుడు, జగిత్యాల

గింజ మంచిదే తమ్ముడూ, పైతొక్క గట్టిది. నీళ్లు మరిగించి దింపి, రెండు నిమిషాలాగి గింజలు అందులో వేసి రాత్రంతా వదిలేయి. పొద్దునకి ఉబ్బినవాటిని విత్తు. ఉబ్బనివాటిని గరుకు రాయి మీద కొంచెం రుద్ది మళ్లీ నానబెట్టు. రేలకూ జమ్మికీ ఇదే పద్ధతి. వేప, ఇప్ప మాత్రం దీనికి పూర్తిగా వేరు. పండు రాలిన రెండు వారాల్లోపే విత్తాలి, దాచిపెడితే గింజ చచ్చిపోతుంది.

పార్కు గేటు దగ్గర జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగులు పడి ఆకులన్నీ తినేస్తున్నాయి. వేపనూనె కొట్టమంటారా?
– పాఠకుడు, పెద్దపల్లి

దయచేసి కొట్టొద్దు. ఆ పురుగే పది పదిహేను రోజుల్లో నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక అవుతుంది. రెక్కల కొసలు నల్లగా, వాటిమీద తెల్ల చుక్కలుంటాయి. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో ఉంటుంది కాబట్టి పిట్టలు దాన్ని ముట్టవు. జిల్లేడు మళ్లీ ఆకు వేసుకుంటుంది, మీరు దిగులు పడాల్సిన పని లేదు.

మారేడు మీదా, కరివేపాకు మీదా పిట్టరెట్టలాగా కనిపించే పురుగు కూడా సీతాకోకదే. రేల లేతాకు తినే ఆకుపచ్చ గొంగళీ అంతే. ఇలాంటి తోటలో చిరిగిన ఆకులు కనిపిస్తే నాకు సంతోషంగా ఉంటుంది. మేం వేపనూనె సీసా పార్కులోకే తీసుకుపోం. జిల్లేడు దగ్గర "ఈ పురుగును కదపకండి" అని రాసి పెట్టాం. సెలవు రోజుల్లో పిల్లలు దాని చుట్టూ కూర్చుని ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంటారు.

వయ్యారిభామ పీకిన మరునాటి నుంచి చేతుల మీద దద్దుర్లు, దురద. పని మానేయాలా?
– స్వచ్ఛంద కార్యకర్త, హుజూరాబాద్

మీరు వయ్యారిభామ పని మానేయండి, తోటపని కాదు. ఒకసారి పడనివాళ్లకు మళ్లీ మళ్లీ పడదు, రానురాను ఎక్కువవుతుంది. చర్మ డాక్టరుకు చూపించుకోండి. ఆయాసం ఉన్నవాళ్లు కూడా దాని జోలికి పోకూడదు. మిగతావాళ్లు నిండు చేతుల చొక్కా, గ్లౌజులు వేసుకుని, పువ్వు రాకముందే పీకాలి. పూత పూసిందాన్ని కంపోస్టు గుంతలో వేయొద్దు. వానల్లో దాని ఆకులు జల్లెడలా తింటూ చారల పెంకుపురుగులు కనిపిస్తే వాటిని చంపకండి. ఆ పని కోసమే 1984లో మన దేశంలో వదిలిన పురుగులవి.

మా అబ్బాయి ఇంటర్. పార్కులో పొదల్లో పని అంటున్నాడు. పాముల భయంతో నాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, భూపాలపల్లి

అమ్మా, పంపండి, కొన్ని షరతులతో. చెప్పులు కాదు, మడమ పైకి వచ్చే బూట్లు. ఆకుల కుప్పలో, రాళ్ల కింద ముందు కర్ర పెట్టాలి, తర్వాతే చెయ్యి. చీకటి ఉండగా మొదలుపెట్టకూడదు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉండాలి. ఒకవేళ కాటు పడితే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం కోసం తిప్పడం ఏదీ వద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి నేరుగా పోవాలి. ఆరేళ్లలో మాకు నాలుగుసార్లు పాము కనిపించింది. నాలుగుసార్లూ మేం వెనక్కి జరిగాం, అది దాని దారిన పోయింది. ఆ ఆసుపత్రి ఎక్కడుందో, ఎంత దూరమో మీ అబ్బాయి గుంపులో అందరికీ తెలుసో లేదో ఒకసారి అడగండి.

నిర్మల్ బొమ్మలు చేసే చెట్టును పార్కులో పెంచవచ్చా?
– బొమ్మల దుకాణందారు, నిర్మల్

తప్పకుండా. అది పొనికి. రాతి గుట్టల్లో, ఎండు నేలల్లో పెరుగుతుంది. పెద్ద ఆకు, అడుగున తెల్లటి నూగు. కొయ్య మెత్తగా, తేలికగా ఉండబట్టే ఉలికి లొంగుతుంది. గింజ తొక్క గట్టిది, మొలవడానికి బాగా ఓపిక పట్టాలి. నీరు నిలిచే చోట పెట్టకండి. చెట్టు పక్కనే ఆ కొయ్యతో చేసిన బొమ్మ ఒకటి అద్దాల పెట్టెలో పెట్టగలిగితే, మీ ఊరికి వచ్చినవాళ్లకు అంతకంటే మంచి బోర్డు ఉండదు.

నా వయసు 68. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మా పార్కులో పిల్లలు మొక్కలు పెంచుతుంటే నాకూ చెయ్యాలని ఉంది. మోకాళ్లు వంగవు, గడ్డపార ఎత్తలేను. నాలాంటివాడు పోతే వాళ్లకు అడ్డమే కదా?
– పాఠకుడు, వరంగల్

అన్నగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడ్డం అన్న మాట ఇంకెప్పుడూ అనకండి.

మా అరెకరంలో గుంతలు తవ్వే చేతులకు కొరత లేదు. లేనిదల్లా దారి పక్కన నిలబడి మాట్లాడే మనిషి. ఆదివారం వందల మంది వస్తారు. నూటికి తొంభై మంది తంగేడు పక్కనుంచే నడిచిపోతూ, బతుకమ్మకు తంగేడు దొరకడం లేదని మాట్లాడుకుంటారు. ఒక్కరు ఆపి "అమ్మా, ఇదే తంగేడు, ఇది రేల, అది కలే, పండు తిన్నారా ఎప్పుడైనా?" అంటే చాలు, నిలబడిపోతారు. తర్వాత వాళ్లే మాకు పేర్లు చెప్పడం మొదలుపెడతారు. పోయిన నెల పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఊడుగ చెట్టు దగ్గర నిలబడి వాళ్ల నాన్న ఆ కర్రతో ఏమేం చేసేవాడో అరగంట చెప్పారు. మా పిల్లలు పని ఆపి విన్నారు. ఆయన చెప్పింది ఎక్కడా రాసి లేదు.

ఎన్నో ఏళ్లు బస్సులో ఊళ్ల పేర్లు పిలిచిన గొంతు మీది. ఇప్పుడు మొక్కల పేర్లు పిలవండి. ముందు ఇరవై నేర్చుకుంటే చాలు, వారానికి రెండు చొప్పున. పేరు బోర్డులు మీ చేత్తో రాయండి. ఎనామిల్ పెయింట్ అయితే రెండు వానాకాలాలు నిలుస్తుంది, మార్కర్‌తో రాస్తే ఒక్క ఎండకే పోతుంది. మొక్క పేరు పెద్ద అక్షరాలతో, మన ఊళ్లో పిలిచే పేరే రాయాలి. గడ్డి కోసే మిషను పట్టుకుని వచ్చేవాళ్లకు దూరం నుంచి కనబడాలి, అందుకే నడుమెత్తు కర్రకు కొట్టండి. శీతాకాలం గింజలు ఒలిచి, కాగితం పొట్లాలు కట్టి, ఏ చెట్టుదో ఏ తేదీదో రాసే పని కూడా ఉంటుంది. కూర్చునే చేయొచ్చు.

దూరం అనుకోకపోతే ఒక ఆదివారం మా దగ్గరికే రండి. ఆ అవ్వ కూడా ఉంటుంది, కానుగ కింద తొమ్మిదిన్నర దాకా నీడ ఉంటుంది. అక్కడ బెంచీ ఎత్తు తక్కువ, మీ మోకాళ్లకు ఇబ్బంది. ఒక కుర్చీ నేను తెచ్చి పెడతాను.